పుట్టినరోజుకి గుర్రాన్ని తెచ్చిన నాన్న

చిన్నా,

ఆదివారం ఫోన్లో 'మిసెస్ డౌట్‌ఫైర్' చూశానని, హాస్టల్లో అందరూ పడీపడీ నవ్వారని చెప్పావు. పెట్టేసే ముందు కాస్త ఆగి, "నాన్న కూడా అలా ఆడవేషంలో వచ్చుంటే గుర్తుపట్టేదానివా అమ్మా?" అన్నావు. నేను తిన్నావా అని మాట మార్చేశాను. ఫోన్లో అయితే మళ్ళీ అదే చేస్తానని ఇలా రాస్తున్నాను.

గుర్తుపట్టేదాన్నే. పెళ్ళాంతో విడిపోయాక పిల్లల దగ్గర ఉండాలని పనిమనిషి వేషంలో ఆ ఇంటికే వచ్చిన తండ్రి పాత్ర కోసం, రాబిన్ విలియమ్స్‌ని ముసలావిడగా మార్చిన ఆ మేకప్‌కి ఆస్కార్ వచ్చింది. మీ నాన్నకి ఎంత మేకప్ వేసినా లాభం లేదు. ఆయన కడిగిన గిన్నె అడుగున సబ్బు అలాగే ఉంటుంది.

నిన్న రాత్రి నేనూ మళ్ళీ చూశాను. 1993 నాటి సినిమా. మొదటిసారి చూసినప్పుడు నాకింకా పెళ్ళి కాలేదు. కొడుకు పుట్టినరోజుకి మొగుడు ఇంట్లోకి గుర్రంతో సహా జంతువుల్ని తెచ్చి పిల్లలతో గంతులేస్తుంటే, ఆఫీసు నుంచి ఊడిపడి పండగంతా పాడుచేసిన ఆ మిరాండాని చూసి ఒళ్ళు మండింది. నిన్న మాత్రం నా చూపంతా ఆ హాల్ మీదే. అదంతా ఎవరు ఎత్తిపోయాలి?

మీ నాన్న గుర్రాన్ని తేలేదులే. నీ ఆరో పుట్టినరోజుకి రిమోట్ హెలికాప్టర్ తెచ్చారు. ఆ నెల నీ ఫీజుకి పక్కింటి పిన్నిగారి దగ్గర చేబదులు తీసుకున్నాను. నీకు హెలికాప్టరే గుర్తుంది. ఉండాలి కూడా, ఆయన ముద్దు అబద్ధం కాదు.

ఒక సీను దగ్గర సినిమా ఆపేసి కాసేపు కూర్చున్నాను. ఎదురుగా ఉన్నది మొగుడే అని తెలియక మిరాండా ఆ ముసలావిడతో మనసు విప్పుతుంది. ఆయన దగ్గర తను తనలా ఉండలేకపోయేదట, పిల్లలకి తెలియకుండా రాత్రిళ్ళు ఏడ్చేదట. అన్నేళ్ళ కాపురంలో వినని మాట, గౌను తొడుక్కుని కూర్చున్నాక విన్నాడు. మనింట్లో రాత్రిళ్ళు బాత్రూం కుళాయి తిప్పి వదిలేసేదాన్ని గుర్తుందా? నీళ్ళు వేస్ట్ చేస్తున్నానని నువ్వే కోప్పడేవాడివి.

ఆ వేషంలో అతను స్టవ్ మీదకి వంగి గుండెలకి మంట అంటించుకున్నప్పుడు నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను. కానీ ఆ తర్వాత వంట నేర్చుకున్నాడుగా! పిల్లలతో హోంవర్క్ చేయించాడుగా! మొగుడిగా రాని పని పనిమనిషి వేషంలో ఎలా వచ్చిందట? అక్కడ మాత్రం నవ్వు రాలేదు నాన్నా, కోపం వచ్చింది.

ఇదే కథతో 1996లో కమల్‌హాసన్ తమిళంలో 'అవ్వై షణ్ముగి' చేస్తే మనకి 'భామనే సత్యభామనే' పేరుతో డబ్బింగ్ అయింది. అమ్మమ్మకి ఆ పేరే తెగ నచ్చింది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ప్రవేశించేటప్పుడు పాడే దరువది. ఒకప్పుడు మగవాళ్ళే కట్టిన ఆ వేషానికి వేదాంతం సత్యనారాయణ శర్మగారు పెట్టింది పేరు. అందుకేనేమో, మగాడు చీర కట్టుకొచ్చినా అమ్మమ్మకి వింతనిపించలేదు. ఆవిడకి కావాల్సింది చివరి సీను. అందులో మొగుడూ పెళ్ళాం కలిసిపోతారు. మేమిద్దరం ఒప్పుకునే విడాకులకి వేసినా కోర్టులో ఆరు నెలల గడువు ఉంటుంది కదా, ఆ ఆరు నెలల్లో ఆ సినిమా టీవీలో మూడుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా సౌండ్ పెంచి, "చూడవే, వాళ్ళు కలవలా?" అనేది.

డౌట్‌ఫైర్‌లో కలవరు. చివర్లో ఆ ముసలమ్మ టీవీలో ఒక పాప రాసిన ఉత్తరం చదువుతుంది. ఆ పాప అమ్మానాన్నలు కూడా విడిపోయారు. కొందరు మళ్ళీ కలుస్తారు, కొందరు కలవరు, కలవకపోతే నిన్ను నువ్వు తప్పుపట్టుకోకు అని చెబుతుంది.

తొమ్మిదో క్లాసులో నువ్వు అడిగావు, ఆ రోజు సైకిల్ కోసం గొడవ చేయకపోతే నాన్న వెళ్ళిపోయేవారు కాదా అని. "ఛ, కాదురా" అని పెరుగన్నం కలుపుతూ ఉండిపోయాను. ఇంకా చెప్పాల్సింది. నువ్వు సైకిల్ అడగడానికి రెండేళ్ళ ముందే మేం విడిగా పడుకునేవాళ్ళం. నీకు పరీక్షలని, నా గురకని ఏవేవో చెప్పాం. సైకిల్ గొడవ జరిగిన రాత్రి మేం నీ గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు.

శనివారం మీ నాన్న నీ దగ్గరికి వస్తున్నారట. ఆయనతో ఆవకాయ సీసా పంపిస్తున్నాను. ఖాళీ అయ్యాక నువ్వే కడిగి పెట్టు, ఆయనకివ్వకు.

అమ్మ