మార్సే (దక్షిణ ఫ్రాన్స్) నుంచి నాన్నగారికి

నాన్నగారికి నమస్కారాలు.

ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు, ఆ బెంగ వదిలేయండి. మూడు రోజులుగా ఇక్కడ మిస్త్రాల్ గాలి. రాత్రంతా కిటికీ తలుపులు కొట్టుకుంటుంటే నిద్ర లేదు. దగ్గు మాత్రం తగ్గింది.

తమ్ముడి ర్యాప్ పాటల నోటుపుస్తకం మీరు చించేశారట, అమ్మ ఫోనులో చెప్పింది. ఎవరి అరుపులో అరువు తెచ్చుకున్నాడని అన్నారట. హెడ్‌ఫోన్లు పంపింది నేనే కనుక ఆ కోపంలో సగం నాకు రావాలి.

అరువన్నారు కనుక అడుగుతున్నాను, ఎవరి దగ్గర? 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఒక అమ్మాయి బడి బట్టల డబ్బుకోసం తాముండే భవనంలోనే టికెట్టు పెట్టి పార్టీ చేసింది. రికార్డులు వేసింది ఆమె అన్న కూల్ హెర్క్. డ్రమ్ములు మాత్రమే మోగే ముక్కకి జనం ఎక్కువ ఆడుతున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టుకుని ఆ ముక్కనే సాగదీసేవాడు. ర్యాప్‌కు పుట్టిల్లయిన హిప్ హాప్ పుట్టుక అంటే ఆ పార్టీనే చెబుతారు. ఆ అన్నాచెల్లెళ్లు జమైకా నుంచి వలస వచ్చినవాళ్లు. పుట్టింట్లోనే అది వలస సరుకు, నాన్నగారూ.

ఇక్కడి ఐయామ్ అనే ర్యాప్ బృందం 1991లో మొదటి ఆల్బమ్‌కు ఊరి పేరును సగానికి విరిచి 'మార్స్' గ్రహం చేసింది. పారిస్‌కు తాము వేరే గ్రహంవాళ్లమన్న ఎత్తిపొడుపు అందులో నాకు వినిపిస్తుంది. పారిస్‌వాళ్లు మింగేసే పదాంతపు అచ్చును ఈ దక్షిణాదివాళ్లు నిండుగా పలుకుతారు. ఒక అక్షరం పెరిగితే నడక ఎంత మారుతుందో మీకు నేను చెప్పాలా! పైగా మాటల్ని తిరగేస్తారు. పిచ్చికి 'ఫూ' అంటే, పాటలో అది 'ఉఫ్'. 1994 నాటి చట్టంతో, 1996 నుంచి రేడియోలు వేసే పాటల్లో కనీసం 40 శాతం ఫ్రెంచివే ఉండాలన్న నియమం వచ్చింది. ఆ పెద్దలు ర్యాప్‌ను పెంచుదామనుకుని ఉండరు. కానీ ఎక్కువగా లాభపడింది ర్యాపే.

పై అంతస్తులో కొమొరోస్ దీవుల నుంచి వచ్చిన కుటుంబం ఉందని రాశాను కదా. వాళ్ల అబ్బాయి మెట్లమీద కూర్చుని పాటలు కడుతుంటాడు. మొన్న మా భాషలో ఏదైనా చెప్పమన్నాడు. బెత్తం పక్కన పెట్టుకుని మీరు నేర్పిన ఆ ఉత్పలమాలే నోటికొచ్చింది. వాడు కమ్మీమీద వేళ్లతో తాళం వేశాడు. మూడో పాదం దగ్గర నా గొంతు పట్టేసింది. మరిచిపోయాననుకున్నాడు, మరిచిపోలేదు.

తమ్ముడి మొదటి పాటల నిండా చూడని తుపాకులు, ఎక్కని కార్లు. అక్కడ మీదే ఒప్పు. నేనూ తిట్టాను. కానీ చించిన పుస్తకంలో మీ సైకిలు మీద పాట ఉంది. చెయిన్ ఊడినప్పుడల్లా మీరు విసుక్కునే మాటే దాని పల్లవి. మీకు చెప్పవద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. ఇప్పుడు ఆ ఒట్టు తప్పాను.

ముక్కలు పారేయలేదట, అమ్మ బియ్యం డబ్బా వెనక దాచింది. ప్రాస తప్పినచోట ఎర్రసిరాతో దిద్దండి. యతి గురించి మాత్రం వాడిని ఇప్పుడే అడగవద్దు.

అమ్మ కంటిచుక్కలు వేసుకుంటోందా? అడిగితే వేసుకున్నానంటుంది. సీసా మీరే చూడండి.

మీ పెద్దమ్మాయి