రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ: మా డెయిరీ ఫాం భూమిని ఏం చేయబోతున్నారు?

గౌరవనీయులైన రక్షణ మంత్రి గారికి,

సికింద్రాబాద్ కంటోన్మెంట్ నుంచి నమస్కారాలతో రాస్తున్నాను.

ఇది నా నాలుగో ఉత్తరం. ముందు రాసిన మూడూ దరఖాస్తులు. పక్కింటి అబ్బాయితో ఇంగ్లీషులో టైపు చేయించి, స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి, ముద్ర వేయించుకుని, జిరాక్సులు ఇంట్లో ఫైలులో పెట్టుకున్నాను. ఏ కార్యాలయంలో ఇచ్చానో ఇక్కడ రాయను. ఒకచోట కాగితం తీసుకున్నాయన మంచివాడు. కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. "ఇది మా చేతిలో లేదు పెద్దాయనా, పైకి పంపిస్తాం" అన్నాడు. ఇంకోచోట ఢిల్లీలో తేలాల్సిన విషయం అన్నారు. మూడోచోట ఏమీ అనలేదు. అందుకే ఈసారి నేరుగా మీకే, నా భాషలోనే, నలుగురూ చదివేటట్టు రాస్తున్నాను. ఎవరో ఒకరు మీకు చదివి చెబుతారన్న నమ్మకం ఉంది.

విషయం ఒక్కటే. మూసేసిన మా మిలటరీ డెయిరీ ఫాం భూమిని ఏం చేయబోతున్నారు?

2017లో దేశంలోని 39 మిలటరీ ఫాంలను మూసేయాలని నిర్ణయించినప్పుడు జరిగినదంతా మీ శాఖకు తెలుసు, మళ్లీ చెప్పక్కర్లేదు. మూసేయడం తప్పని వాదించడానికి కూడా రాయడం లేదు. బజారులో ప్యాకెట్ పాలు దొరుకుతున్న రోజుల్లో సైన్యం ఆవులను మేపడం ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ ఫాం నాకు ఉత్త భూమి కాదు. మా నాయిన అక్కడ పని చేసి రిటైరయ్యారు. తెల్లవారుజామున మూడున్నరకు లేచి, చలికాలమైనా తలకు తువ్వాలు చుట్టుకుని కొట్టంలోకి వెళ్లేవారు. పాలు పితికే ముందు గోరువెచ్చటి నీళ్లతో పొదుగు కడిగి, గుడ్డతో తుడిచి, ఆవు మెడ మీద ఒకసారి చెయ్యేసి నిమిరేవారు. ప్రతి ఆవుకూ చెవికి నంబరు బిళ్ల ఉండేది. నాయినకు చదువు రాదు, ఆ నంబర్లు మాత్రం అన్నీ నోటికి వచ్చు. ఇంటికి వచ్చి "నూట నలభై రెండు రాత్రి ఈనింది, పెయ్యదూడ" అని చెబితే మా అమ్మకు పండగే. ఫ్రీస్వాల్ అన్న పేరు నేను బడిలో కాదు, మా నాయిన నోట విన్నాను. హాల్‌స్టీన్ ఫ్రీజియన్‌తో మన సాహివాల్ ఆవును కలిపి పెంచిన జాతి అది. మిలటరీ ఫాంలలోనే పెరిగింది.

1889 ఫిబ్రవరి 1న అలహాబాదులో మొదలైన మిలటరీ ఫాంలు 2021 మార్చి 31న ఢిల్లీ కంటోన్మెంట్‌లో జెండా దించడంతో ముగిశాయి. 132 ఏళ్లు. ఆ రోజు వార్త చదివి చాలాసేపు కుర్చీలోనే కూర్చుండిపోయాను. 1971 యుద్ధంలోనూ, కార్గిల్‌లోనూ ఈ ఫాంలు సైనికులకు పాలు అందించాయని మీరే చెప్పారు. ఆవులను ప్రభుత్వ శాఖలకు, సహకార డెయిరీలకు నామమాత్రపు ధరకు ఇచ్చేశామనీ, సిబ్బందిని వేరే పనుల్లో సర్దామనీ కూడా చెప్పారు. సంతోషం. ఆవు ఎక్కడికి పోయిందో చెప్పారు. మనిషి ఎక్కడికి పోయాడో చెప్పారు. భూమి ఎటు పోతుందో మాత్రం చెప్పలేదు. దేశమంతా కలిపి సుమారు 20 వేల ఎకరాలు సార్ అది.

మా ఇంటికీ ఆ ఫాం గోడకూ మధ్య ఒక్క సందు. మా మనవడు, వాడి జట్టు పిల్లలు ఆ సందులోనే క్రికెట్ ఆడతారు. ఒక పక్క ఆగిన ఆటోలు, ఇంకో పక్క మురికి కాలువ, మధ్యలో పది అడుగుల జాగా. గట్టిగా కొట్టకూడదని వాళ్లలో వాళ్లే రూలు పెట్టుకున్నారు, గోడ దాటిస్తే ఔట్. గోడ అవతల ఖాళీ జాగా, మోకాలెత్తు గడ్డి. బంతి పడిందంటే ఇక పోయినట్టే, లోపలికి పోవద్దని బోర్డు ఉంది కదా. పిల్లలు గోడ పక్కన నిలబడి కాసేపు అటే చూసి, మళ్లీ డబ్బులు పోగు చేసుకుని కొత్త బంతి కొనుక్కుంటారు. ఆ చూపు చూడలేక ఒకసారి నేనే కొనిచ్చాను. అది మూడు రోజులకు పోయింది.

ఈ మాట మీ ముందు పెట్టడానికి మొహమాటంగానే ఉంది. దేశ సరిహద్దులు చూసుకునే మంత్రిగారికి పిల్లల బంతి సంగతి ఎందుకు అనుకుంటారేమో. కానీ ఇది ఎవరికి చెప్పుకోవాలి సార్? అసలు బాధంతా అక్కడే ఉంది, కాస్త వివరంగా రాయనివ్వండి.

పక్కన జీహెచ్ఎంసీ కాలనీల్లో ఉండేవాళ్లు ఏదైనా కావాలంటే కార్పొరేటర్ ఇంటికి పోయేవాళ్లు. మాది కంటోన్మెంట్ కాబట్టి, మీ శాఖ కింద ఉండే కంటోన్మెంట్ బోర్డులో మేం ఎన్నుకున్న సభ్యులుండాలి. 8 వార్డులు, 8 మంది. చివరిసారి 2015 జనవరిలో ఓటేశాం. వాళ్ల ఐదేళ్ల గడువు 2020 ఫిబ్రవరిలో అయిపోయింది. ఆరు నెలలు, మళ్లీ ఆరు నెలలు పొడిగించారు. 2021 ఫిబ్రవరి నుంచి మేం ఎన్నుకున్న మనిషి ఒక్కరూ లేరు. 2023లో ఏప్రిల్ 30న ఎన్నికలని నోటిఫికేషన్ ఇచ్చారు. మా బస్తీలో పోటీకి ముగ్గురు తయారయ్యారు, గోడలకు సున్నం వేసి పేర్లు రాసుకున్నారు. మార్చిలో రద్దయింది. జీహెచ్ఎంసీలో కలిపేస్తాం, అందుకే ఎన్నికలు లేవన్నారు. సరే కలపండి అన్నాం. 2024లో కలపడానికి పద్ధతులు ఇవీ అని రాష్ట్రానికి రాశారు. అప్పుడూ సంతోషించాం. ఇప్పటికీ కలవలేదు, ఎన్నికలూ లేవు. అటు నగరం మనుషులం కాదు, ఇటు బోర్డులో మా మనిషి లేడు. నల్లా నీళ్ల నుంచి ఇంటి మీద ఇంకో గది వేసుకునే పర్మిషన్ దాకా అన్నీ కాగితం మీద రాసి ఒక కిటికీలో ఇవ్వాలి. ఆ కిటికీలో ఉన్నాయన బదిలీ అయితే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఇలాంటి సమయంలో ఇంత పెద్ద భూమి గురించి ఢిల్లీలో సంతకం అయిపోతే, "ఆగండి" అనడానికి మా తరఫున లేచి నిలబడే నోరు ఏది?

తొందరపడుతున్నానని అనుకోకండి. భయానికి కారణం ఉంది. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫాం రోడ్డు దాకా 5.32 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. మీ శాఖ భూమి ఇవ్వడానికి ఒప్పుకుంటేనే అది సాధ్యమైంది. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వైపు వెళ్లే ఇంకో కారిడార్‌కూ మీరే ఇచ్చారు. ఏళ్ల తరబడి పెండింగ్‌లో ఉన్నదాన్ని కదిలించారు, దానికి మనస్ఫూర్తిగా దండం పెడుతున్నాను. మా ఆవిడకు ఆయాసం వచ్చిన రాత్రి బోయిన్‌పల్లి నుంచి గాంధీ ఆస్పత్రికి ఆటోలో తీసుకెళ్లాను. తాడ్‌బండ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆమె నా భుజం పట్టుకున్న పట్టు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ రోడ్డు విలువ నాకు తెలుసు.

కానీ ఫ్లైఓవర్ దిగేచోట భూమి ధర ఎక్కడికి పోతుందో హైదరాబాద్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇప్పటికే మా సందులోకి కార్లు వస్తున్నాయి. అద్దం దించి "ఈ గోడ అవతల జాగా ఎవరిది?" అని అడుగుతున్నారు. మిలటరీది అంటే నవ్వి వెళ్లిపోతున్నారు. ఆ నవ్వు నాకు నచ్చడం లేదు. రేపు అక్కడ నలభై అంతస్తుల టవర్లు లేచి, మా సందులో పిల్లలు అలాగే పది అడుగుల జాగాలో ఆడుకుంటూ ఉంటే, మా నాయిన లాంటివాళ్లు ఆ నేలను అన్నేళ్లు ఊడ్చి, గడ్డి పెంచి కాపాడింది ఎందుకు?

రక్షణ భూమి ఇవ్వాలంటే సమాన విలువైన భూమి గానీ, కట్టడాలు గానీ బదులుగా రావాలన్న మీ నియమం నాకు తెలుసు. నియమం తప్పని అనను, అది దేశం ఆస్తి. కానీ ఆ విలువ కట్టేటప్పుడు పక్కన బతుకుతున్నవాళ్లను ఏ గడిలో రాస్తారు? రెండు వందల ఏళ్లుగా కంటోన్మెంట్ నీడలో బతుకుతున్న బస్తీలివి. దోభీలు, కుట్టుపని వాళ్లు, వంటవాళ్లు, గుర్రాలు తోమినవాళ్లు, పాలు పితికినవాళ్లు. సైన్యానికి పని చేయడానికి వచ్చినవాళ్లే ఇక్కడ స్థిరపడ్డారు. రోడ్లు మూసినప్పుడు చుట్టూ తిరిగి పోయాం. గుర్తింపు కార్డు చూపించమంటే చూపించాం. ఏనాడూ సైన్యాన్ని ఒక్క మాట అనలేదు, ఇప్పుడూ అనను. మా ఇంట్లో గోడ మీద నాయిన ఫొటో పక్కన ఫాం వాళ్లిచ్చిన రిటైర్మెంట్ షీల్డు ఇంకా ఉంది.

సైన్యానికి నిజంగా ఆ జాగా కావాలా? క్వార్టర్లకో, శిక్షణకో, గోదాములకో కావాలంటే ఉంచుకోండి. ఒక్క గజం కూడా అడగం. ఆ మాట రాతపూర్వకంగా చెప్పండి, నేను ఈ ఉత్తరం వెనక్కి తీసుకుంటాను. అక్కర్లేదనుకుంటే మాత్రం అమ్మకండి. వేలం వేయకండి. లీజు అని పేరు మార్చి కూడా ఇవ్వకండి. అందులో ఒక మూల ఆస్పత్రి రావాలి. బొల్లారంలో కంటోన్మెంట్ ఆస్పత్రి ఉంది, కానీ ఇటువైపు ఉన్నవాళ్లకు రాత్రిపూట గాంధీయే దిక్కు. ఒక మూల పిల్లలకు గ్రౌండు. మిగతాది చెట్లుగా, గడ్డిగా ఉండనివ్వండి. ఇంత ఇరుకు నగరంలో వాన నీళ్లు ఇంకే నేల ఎంత మిగిలిందో మీ అధికారులను ఒకసారి అడగండి. 2017లో సికింద్రాబాద్‌లోనే ఉన్న మీ శాఖ బైసన్ పోలో మైదానంలో రాష్ట్ర సచివాలయం కడతామన్నప్పుడు రిటైరైన సైనిక అధికారులు, మామూలు జనం కలిసి వద్దన్నారు. చివరికి సచివాలయం పాత చోటే కట్టారు. అది అందరూ ఆడుకునే నేల కాబట్టి అంతమంది మాట్లాడారు. మా గోడ అవతల జాగాలో ఎవరూ ఆడలేదు, అందుకే దాని తరఫున మాట్లాడేవాళ్లు తక్కువ. నాలాంటి ముసలివాళ్లు కొద్దిమందిమి మిగిలాం.

ఇంకొక్క మాట. 2022 జనవరిలో దేశంలోని రక్షణ భూములు మొత్తం 17.78 లక్షల ఎకరాలనూ సర్వే చేయించామని మీ శాఖ ప్రకటించింది. డ్రోన్లతో, ఉపగ్రహ చిత్రాలతో కొలిచారు. అంత పెద్ద పని చేసినవాళ్లకు మా డెయిరీ ఫాం సరిహద్దు రాయి ఎక్కడుందో తెలియకుండా ఉండదు. ఆ పటం ఒకటి, ఎకరాల లెక్క ఒకటి, ఏం చేయాలనుకుంటున్నారో రెండు వాక్యాలు, తెలుగులో రాసి గేటు పక్కన బోర్డు పెట్టించండి. నా మూడు దరఖాస్తుల్లోనూ అడిగింది ఇదే. ఖర్చు ఎంతవుతుంది సార్? ఒక రేకు, నాలుగు మేకులు. అవసరమైతే ఆ రేకు మేమే కొంటాం.

నిర్ణయం తీసుకునే ముందు ఎన్నికలు పెట్టండి. లేదంటే జీహెచ్ఎంసీలో కలిపి అక్కడైనా ఓటు ఇవ్వండి. రెండూ కుదరకపోతే కనీసం ఒక రోజు మీ అధికారి ఒకరు వచ్చి, బస్తీ పెద్దలను కూర్చోబెట్టి మాట వినాలి. మేం అరవం, ధర్నా చేయం. టీ మేమే ఇస్తాం. చెప్పాల్సింది చెప్పి లేచిపోతాం.

నాకు 68 ఏళ్లు. నాయిన పోయి చాలా కాలమైంది. పోయేముందు ఆస్పత్రి మంచం మీద కూడా తెల్లవారుజామున లేచి తువ్వాలు వెతుక్కునేవారు, పాలకు టైమైందని. ఆ కొట్టాలు ఉన్న నేల మీద రేపు ఏముంటుందో నా కళ్లు ఉండగా తెలుసుకోవాలని ఉంది. దయచేసి చెప్పండి.

జవాబు తెలుగులో రాయాలని లేదు. హిందీలో రాసినా చదువుకుంటాను. ముందు ఇచ్చిన మూడు దరఖాస్తుల మీదా నా చిరునామా ఉంది.

ఇట్లు,
డెయిరీ ఫాం గోడ పక్క సందులో ఉండే ఒక పాత ఉద్యోగి కొడుకు,
సికింద్రాబాద్ కంటోన్మెంట్