అంతా అత్తగారే చూసుకుంటారా?

ఒరేయ్ శీనూ,

సీమంతం కబురు అందింది, సంతోషం. ఆ తర్వాత చెల్లెమ్మని తెనాలి పంపేస్తారని, ఇక అంతా మీ అత్తగారే చూసుకుంటారని హాయిగా రాసేశావు. అదిగో, ఆ మాట దగ్గరే నాకు చిర్రెత్తింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మంచిదే. కానీ నువ్వు హైదరాబాదులో కూర్చుని చూసుకోవాల్సినవి బోలెడున్నాయి.

ముందు మాత్రలు. నాలుగో నెల నుంచి రోజుకో ఐరన్ మాత్ర, అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కాన్పుకు ముందు 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు. చాలామంది బిడ్డ పుట్టగానే మాత్రలు మానేస్తారు, రక్తం పోయిన ఒంటికి అసలు అవసరం అప్పుడే. కాల్షియం 500 మిల్లీగ్రాములది రోజుకు రెండు. ఈ రెండూ కలిపి మింగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. టీ, కాఫీలతో కూడా అంతే. ఎన్నో ఇళ్లలో పొద్దున్నే ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో ఎర్ర మాత్ర. రెండు నెలలాగి పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9. "మాత్రలు పనిచేయట్లేదండీ" అంటారు. గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనతే. అందుకని కాల్షియం పొద్దున టిఫినుతో ఒకటి, రాత్రి అన్నంతో ఒకటి. ఐరన్ మాత్రం మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకి, నిమ్మకాయ నీళ్లతో. టీ ఇంకో గంట ఆగాక. మలం నల్లగా వస్తే కంగారు పడొద్దని చెప్పు, ఐరన్ వల్ల అలాగే వస్తుంది. కడుపులో మరీ తిప్పుతుంటే మానేయకుండా డాక్టరుతో చెప్పి మాత్ర మార్పించుకోవాలి.

షుగర్ పరీక్ష అయిందా? 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూస్తారు, 140 కంటే తక్కువ ఉండాలి. 24 నుంచి 28 వారాల మధ్య చేయించాల్సింది. కాకపోతే ఈ వారమే చేయించు.

తిండి విషయంలో "ఇద్దరికి సరిపడా తినాలి" అనేవాళ్లొకరు, "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది" అనేవాళ్లొకరు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజూ అదనంగా కావలసింది 350 కేలరీలు. అంటే ఒక పెసరట్టు, ఒక ఉడికించిన గుడ్డు, గ్లాసుడు పాలు. అంతే. కుంకుమపువ్వుతో బిడ్డకి రంగు రాదు కానీ నీ జేబు మాత్రం తేలికవుతుంది. ఆ డబ్బుతో గుడ్లు కొను.

అసలు పేచీ బాలింత పథ్యం దగ్గరొస్తుంది. ఆ పళ్లెం నువ్వెప్పుడైనా చూశావా? వేడన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. పొద్దునా అదే, రాత్రీ అదే. వెల్లుల్లి, మిరియాలు, కాయం మితంగా తింటే వాటితో గొడవేం లేదు. గొడవంతా ఆ పళ్లెంలో లేనివాటితో: పప్పు, ఆకుకూర, పెరుగు, పండు. పైగా నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని, బిడ్డకి జలుబు చేస్తుందని గ్లాసు లాగేసుకుంటారు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి, అంటే కడుపుతో ఉన్నప్పటికంటే ఎక్కువ. నీళ్లు తగ్గితే మలబద్ధకం, కుట్లున్న మనిషికి అదెంత నరకమో ఊహించుకో. మూత్రంలో మంట కూడా తోడవుతుంది.

అలాగని మీ అత్తగారితో వాదనకి దిగకు. కారం తీసెయ్యమనకు, పక్కన ఇంకోటి చేర్చమను. పెసరకట్టు, మునగాకు పప్పు, బీరకాయ కూర, ఒక గుడ్డు. బిడ్డకి పాలిచ్చిన ప్రతిసారీ పక్కన నీళ్లచెంబు ఉండాలి. పాలు పడటానికి ఏ లేహ్యమూ అక్కర్లేదు, రోజుకు 8 నుంచి 12 సార్లు బిడ్డ చీకితే చాలు. ముర్రుపాలు పిండి పారబోయనివ్వకు.

ఇక మనసు. మూడో రోజుకి చెల్లెమ్మ కారణం లేకుండా ఏడవొచ్చు. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, నిద్ర ఉండదు. మామూలుగా రెండు వారాల్లోపు సర్దుకుంటుంది. ఆ రెండు వారాలూ దాటినా దిగులు తగ్గకపోతే అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. ఫోనులో "ఎలా ఉన్నావ్?" అంటే "బానే ఉన్నా" అంటుంది, అందరూ అనేదే. అలా కాకుండా, "పాప పడుకున్నప్పుడు నీకూ నిద్ర పడుతోందా?" అని అడుగు. బిడ్డ పడుకున్నా కన్ను మూతపడట్లేదంటే, అన్నం సయించట్లేదంటే, "నాకు తల్లిగా ఉండే అర్హత లేదు" లాంటి మాటలొస్తుంటే డాక్టరుకి చూపించాలి. రక్తహీనత, థైరాయిడ్ తేడా ఉన్నా మనిషి ఇలాగే నీరసపడి దిగులుగా ఉంటుంది కాబట్టి ఆ రెండు పరీక్షలూ చేయించు. మందులు వాడితే పాలు మాన్పించాలేమోనని భయం వద్దు, పాలిస్తూ వాడదగ్గవి ఉన్నాయి, డాక్టరే చూసి రాస్తారు. మనసు బాగోలేనప్పుడు సలహా చెప్పే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 ఫోనులో వేసి పెట్టుకో, తెలుగులోనే మాట్లాడతారు.

రోజుల తరబడి నిద్ర లేకపోవడం, పొంతన లేని మాటలు, లేనిపోని అనుమానాలు, ఎవరో పిలుస్తున్నట్టు వినిపించడం, తననో బిడ్డనో ఏదైనా చేసేస్తానన్న మాట రావడం, వీటిలో ఏదున్నా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అరుదే, కానీ దిష్టి తీయించి కూర్చునే విషయం కాదు. "అందరూ కనలేదా ఏంటి" అన్న మాట ఎవరూ అనకుండా చూడు, ముందు నువ్వు అనకు.

చివరగా నీ సెలవుల సంగతి. అన్నీ కాన్పు వారంలోనే ఖర్చు పెట్టెయ్యకు. అప్పుడు ఇంటినిండా చుట్టాలే ఉంటారు. సగం దాచి, పురుడయ్యాక అందరూ వెళ్లిపోయినప్పుడు తెనాలి వెళ్లు. రాత్రి పాలు తాగిన బిడ్డని నువ్వు భుజాన వేసుకుని తేన్పు తీయించి, గుడ్డ మార్చి పడుకోబెట్టు. ఆ పూట చెల్లెమ్మ మూడు నాలుగు గంటలు ఏకబిగిన పడుకోగలదు.

ఉంటా,
రఘు