మన హాలు స్థలం, పాత పాలసీలు: ఈ ఏడాది వార్షిక నివేదిక

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి ముగ్గులు, ఉగాది, బతుకమ్మ, వనభోజనాలు అన్నీ బాగా జరిగాయి, ఫోటోలు అందరూ చూశారు కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయట్లేదు. తెలుగు బడి మాత్రం ఇంకా అద్దె గదుల్లోనే నడుస్తోంది. ఎందుకన్నది వాట్సాప్‌లో తలా ఒక రకంగా తిరుగుతోంది, అందుకే ఉన్నది ఉన్నట్టు ఇక్కడ చెప్పేస్తున్నాను.

హాలు కోసం ఇక్కడ న్యూజెర్సీలో మనం కొన్న బిల్డింగ్‌లో మూల షాపు ఒకప్పుడు డ్రై క్లీనింగ్ షాపు. కొనేముందు ఆ స్థలంలో ఇదివరకు కాలుష్యం చేసే పనులేమైనా జరిగాయా అని చూసే ఫేజ్ వన్ అనే పరిశీలన చేయించాలి, ఖర్చెందుకులే అని వదిలేశాం. అది కమిటీ తప్పు, ఆ మీటింగ్‌లో నేనూ ఉన్నాను, అందరికీ క్షమాపణ చెప్పుకుంటున్నాను. తర్వాత లోన్ కోసం బ్యాంకు అడిగితే మట్టి టెస్ట్ చేయించాం, మట్టిలోనూ కింద నీళ్ళలోనూ పెర్క్ బయటపడింది. పెర్క్ అంటే డ్రై క్లీనింగ్‌లో మురికిని కరిగించడానికి వాడే ద్రవం. నీళ్ళకంటే బరువు, కాంక్రీటులో చిన్న పగులు ఉన్నా దిగిపోయి కిందెక్కడో చేరి ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, ఆవిరై మళ్ళీ గదుల్లోకి వస్తుంది. తాగే నీళ్ళలో ఫెడరల్ లిమిట్ లీటరుకి 5 మైక్రోగ్రాములు, అంత తక్కువ. పిల్లల్ని ఆ గదుల్లో కూర్చోబెట్టే ప్రసక్తే లేదు.

న్యూజెర్సీలో 1970ల నుంచి స్పిల్ యాక్ట్ అనే కాలుష్య చట్టం ఉంది. దాని ప్రకారం విషం పారబోసినవాళ్ళే కాదు, ముందు విచారించుకోకుండా స్థలం కొన్నవాళ్ళూ బాధ్యులే. అంటే మనం. క్లీనప్ అంచనా చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే మన హాలు ఫండ్‌లో రిటైరైన పెద్దవాళ్ళు నెలనెలా కూడబెట్టి ఇచ్చిన డబ్బు ఉంది.

అప్పుడు మన లాయర్ ఒకే మాట అడిగారు, ఆ షాపువాళ్ళకి 1986కి ముందు లయబిలిటీ ఇన్సూరెన్స్, అంటే వాళ్ళవల్ల బయటివాళ్ళకి నష్టం జరిగితే కట్టే ఇన్సూరెన్స్, ఉండేదా అని. ఎప్పటిదో పాలసీ ఇప్పుడేం పనికొస్తుంది అనుకున్నాం. నిజానికి పనికొస్తుంది. ఐదేళ్ళ క్రితం కారు గుద్దితే ఆ ఏడాది ఇన్సూరెన్సే కట్టాలి కదా, ఇదీ అంతే. 1966 నుంచి వచ్చిన మామూలు బిజినెస్ లయబిలిటీ పాలసీలు చాలావరకు అకరెన్స్ పద్ధతివి, నష్టం ఏ ఏడాది జరిగితే ఆ ఏడాది పాలసీ జవాబు చెప్పాలి, క్లెయిమ్ నలభై ఏళ్ళ తర్వాత వచ్చినా సరే. 1986లో పొల్యూషన్‌కి అసలు కవరేజ్ లేదనే క్లాజ్ పెట్టేశారు, అందుకే అంతకుముందు కాగితాలు బంగారం. పాలసీ తీసుకున్నవాళ్ళు తమ సొంత స్థలాన్ని గానీ అద్దెకున్న స్థలాన్ని గానీ బాగుచేసే ఖర్చు మామూలుగా పాలసీ కట్టదు గానీ భూమి కింద నీళ్ళు ఎవరి సొంతమూ కాదు, వాటికి జరిగిన నష్టం బయటివాళ్ళకి జరిగిన నష్టం కిందే లెక్క.

1970లలో వచ్చిన క్లాజ్ ఒకటి అడ్డం ఉంది, కాలుష్యం హఠాత్తుగా, ప్రమాదవశాత్తు జరిగితేనే కడతాం అని. డ్రై క్లీనర్ దగ్గర కారింది రోజూ కొంచెం కొంచెం. కానీ 1993లో మోర్టన్ ఇంటర్నేషనల్ కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆ క్లాజ్‌ని రాసినట్టుగా అమలుచేయడం కుదరదు అంది, ఎందుకంటే దాన్ని ఆమోదింపజేసుకునేటప్పుడు ఇన్సూరెన్స్‌వాళ్ళు ప్రభుత్వానికి అసలు సంగతి చెప్పలేదు. ఇంకో రాష్ట్రంలో అయితే మన కథ వేరేలా ఉండేదేమో.

మరి పాలసీ ఏదీ? షాపు ఎప్పుడో మూసేశారు. ఓనరు గారు చనిపోయారు, ఆయన భార్య ఉన్నారు, పెద్దావిడ. మన లాయర్ ఉత్తరం చూసి తన ఇల్లు పోతుందని హడలిపోయారు. నేనూ మన కోశాధికారి గారూ వెళ్ళి గంటన్నర కూర్చుని చెప్పాం, మేం అడిగేది మీ ఇల్లు కాదమ్మా, మీరు అన్నేళ్ళు కట్టిన ప్రీమియం ఇప్పుడు పని చెయ్యాలని అంతే. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత లేచి బేస్‌మెంట్ లైటు వేశారు. చెప్పుల డబ్బాల నిండా బ్యాంకు నుంచి తిరిగొచ్చిన పాత చెక్కులు, రబ్బరు బ్యాండ్లు ఎండిపోయి ముట్టుకుంటే తెగిపోతున్నాయి. మూడో డబ్బాలో 1974 చెక్కు దొరికింది, మెమో లైన్‌లో సన్నటి అక్షరాలతో పాలసీ నంబర్. చివరి అంకె ఏడా ఒకటా తేలక భూతద్దం పెట్టి చూశాం. తర్వాత బిల్డింగ్ పాత లీజు ఫైల్లో ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ దొరికింది, అదే నంబర్, ఏడే. కోశాధికారి గారికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

అసలు పాలసీ లేకపోయినా ఇలాంటి ఆధారాలతో నిరూపించొచ్చు, ఎందుకంటే అప్పటి పాలసీలు చాలావరకు స్టాండర్డ్ ఫారాల మీద రాసినవే. ఇలా వెతకడాన్నే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, ఇన్సూరెన్స్ ఆర్కియాలజీ అంటారు.

మా దగ్గర రికార్డే లేదని మొదట కొట్టిపారేసిన ఇన్సూరెన్స్ కంపెనీ ఆ రెండు కాగితాలు చూశాక ఒప్పుకుంది, తర్వాత కాదనే హక్కు వదులుకోవట్లేదు అని రాసిపెట్టుకునే అనుకోండి. నీటి పరీక్షల ఖర్చు ఇప్పుడు అటునుంచి వస్తోంది, ఆ పెద్దావిడ తరఫు లాయర్ ఫీజు కూడా వాళ్ళదే. ఇల్లలకగానే పండగ కాదు. రెండో ఇన్సూరెన్స్ కంపెనీ కూడా ఉంది, అది ఇంకా ఒప్పుకోలేదు, ఏ ఏడాదికి ఎవరి వాటా ఎంత అనే పేచీ నడుస్తోంది, మన వాటాకి కొంత పడొచ్చు కూడా. అది తేలేదాకా హాలు ఫండ్‌లో ఉన్న డబ్బు కదపకూడదని కమిటీ తీర్మానించింది.

చెక్కు, సర్టిఫికెట్ స్కాన్ కాపీలు, నీళ్ళ రిపోర్టులు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి. చూడాలనుకున్నవాళ్ళు ఏ ఆదివారమైనా తెలుగు బడి వదిలాక రండి, ఎంతసేపైనా కూర్చుని చూపిస్తాం.