పిల్లర్ నంబరు రాయండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

యూనిట్ టెస్టుల తేదీలు డైరీల్లో రాయించాం, అవి అక్కడే చూసుకోండి. ఈ నెల లేఖ మీలో చాలామంది అడిగిన ఒక్క ప్రశ్న గురించే. ఫ్లైఓవర్ కింద ఉంటున్న కుటుంబంలోని ఇద్దరు పిల్లల్ని మన బడిలో ఎందుకు చేర్చుకున్నారని అడిగారు. నా గదికి వచ్చి మొహం మీద అడిగినవాళ్లకు థాంక్స్. గ్రూపుల్లో రాసినవాళ్లకూ జవాబు ఇదే.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. 2011లో నేను వేరే బడిలో సోషల్ టీచర్ని. జనాభా లెక్కల డ్యూటీ పడింది. ఇళ్లన్నీ అప్పటికే తిరిగేశాం. ఇల్లు లేనివాళ్లను మాత్రం దేశమంతటా ఫిబ్రవరి 28 రాత్రే లెక్కపెట్టాలి. నాకూ ఇంకో మాస్టారికీ నాంపల్లి స్టేషన్ వైపు వచ్చింది. టార్చి, ఫారాల కట్ట తీసుకుని బయల్దేరుతుంటే మా ఆయన చేతిలో గొడుగు పెట్టారు. వానకి కాదు, ఎవరైనా మీదికొస్తే కొట్టడానికి! నేను కూడా మారు మాట్లాడకుండా తీసుకున్నాను.

మొదట లేపిన మనిషి మమ్మల్ని పోలీసులనుకుని గబగబా మూట సర్దుకున్నాడు. ఫారంలో ఇంటి సంగతులు పోగా మిగిలినవి అందరినీ అడిగే ప్రశ్నలే: వయసు, పుట్టిన చోటు, చదువు, చేసే పని. "ఏం పని చేస్తారు?" అనగానే ఆయన మూట పక్కన పెట్టి సర్దుకుని కూర్చున్నాడు. పెళ్లిళ్లలో వంట చేస్తాడట. అయిదు వందల మందికి బియ్యం ఎంత, ఎసరు ఎంత, నూనె ఎంత అన్నీ నోటికి చెప్పేశాడు. ఆ పక్కన పడుకున్నది సెంట్రింగ్ మేస్త్రి. ఈ ఊళ్లో ఎన్ని అపార్టుమెంట్ల స్లాబులకు పని చేశాడో ఆయనకే గుర్తు లేదు. ఇంకొకాయన పదో తరగతి పాసయ్యానని చెప్పి నా మొహంలోకి చూశాడు. నేను నమ్మలేదని కనిపెట్టాడు. నా నోట్‌బుక్ తీసుకుని తన పేరు రాశాడు, నా రాతకంటే గుండ్రంగా ఉంది. గొడుగు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు నాకు.

ఆ లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షలు, పట్టణాల్లోనే 9.38 లక్షలు అని తేలింది. ఒక్క రాత్రి టార్చి వెలుతురులో వేసిన లెక్క అది. చీకటిగా ఉందని మేమే ఒక సందులోకి వెళ్లలేదు, ఇప్పుడు చెప్పడానికేం.

ఇక మన సంగతికి వస్తాను. ఆ పిల్లల ఫారం నింపుతూ చిరునామా దగ్గర మా క్లర్కు పెన్ను ఆపేశారు. "పిల్లర్ నంబరు రాయండి సార్" అంది తల్లి, ఫ్లైఓవర్ స్తంభం మీద వేసి ఉండే నంబరు. తప్పేముంది? మన ఊళ్లో పెద్ద పెద్ద షోరూములు కూడా ప్రకటనల్లో పిల్లర్ నంబరే వేసుకుంటున్నాయి. అదే రాశాం. ఇందులో నా దయాగుణం ఏమీ లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేదనో, టీసీ రావడం ఆలస్యమైందనో పిల్లల్ని వెనక్కి పంపకూడదు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వాలి.

పెద్దపిల్ల సిగ్నల్ దగ్గర కారు తుడిచే గుడ్డలు అమ్మేది. "డజను నూట ఎనభై అయితే అయిదు ఎంత?" అని లెక్కల టీచర్ అడగడం పూర్తి కాకముందే "డెబ్భై అయిదు" అంది. అదే లెక్క బోర్డు మీద అంకెల్లో పెడితే సుద్దముక్క కింద పెట్టేసింది. ఇది ఈ పిల్ల ఒక్కదాని కథ కాదు. నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లోల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే 1,400 మందికి పైగా పిల్లల్ని పరీక్షించి 2025లో 'నేచర్' పత్రికలో రాసింది కూడా దాదాపు ఇదే. బడి పిల్లల పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంది. పుస్తకం లెక్క చేస్తారు, బజారు లెక్క దగ్గర తడబడతారు. నమ్మకం లేకపోతే మీ ఎనిమిదో తరగతి అబ్బాయిని కూరగాయల బండి దగ్గరికి పంపి చూడండి.

అందుకే లంచ్ తర్వాత అరగంట తొమ్మిదో తరగతి పిల్లలు ఈ ఇద్దరికీ చదువు చెబుతున్నారు, పెద్దపిల్ల వాళ్లకు నోటిలెక్క నేర్పుతోంది. ఈ ఆలోచన నాది కాదు. కోల్‌కతా సియాల్దా లొరెటో బడిలో సిస్టర్ సిరిల్ 1980ల్లోనే వీధి పిల్లలకు గేటు తీసి, తన విద్యార్థినుల చేతే వాళ్లకు పాఠాలు చెప్పించారు. అక్కడ మొదలైన, వీధి పిల్లలు ఉండి చదువుకునే రెయిన్‌బో హోమ్స్ తర్వాత మన హైదరాబాద్‌కూ వచ్చాయి.

వాళ్ల నాన్న రోళ్లు, విసుర్రాళ్లు చెక్కుతారు. ఆయన్ని అడిగి, సరేనన్నాకే ఇది రాస్తున్నాను. ఉలితో తట్టి, చప్పుడు విని రాయి లోపల పగులుందో లేదో చెబుతారు. మా సైన్సు టీచర్ రెండుసార్లు అడిగి రాసుకున్నారు. ఇంత పనితనం ఉండి ఎందుకు నిలదొక్కుకోలేదని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను. నిరుడు వానాకాలంలో ఒక రాత్రి నిద్రలో ఉండగా ఉలులు, సుత్తి పోయాయట. మళ్లీ కొనుక్కునేదాకా కూలికి వెళ్లారు. సామాను పెట్టి తాళం వేసుకునే చోటు లేకపోతే ఏ పనివాడి గతైనా అంతే. నగరాల్లో లక్ష జనాభాకు ఇల్లు లేనివాళ్ల కోసం కనీసం ఒక షెల్టరు, పగలూ రాత్రీ తెరిచి ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్ జనాభా 2011కే 67 లక్షలు దాటింది. మరి ఎన్ని ఉండాలో పెద్దపిల్లని అడిగితే నోటికి చెబుతుంది.

ఫుట్‌పాత్ మీద ఉన్నవాళ్లంతా మంచివాళ్లే అనడం లేదు. ఆ రాత్రి తాగి మమ్మల్ని తిట్టినవాడూ ఉన్నాడు. అలాంటాయన మా వీధిలోనూ ఉన్నారు, ఆయనకి డూప్లెక్స్ ఇల్లుంది.

మీకు రెండు మనవులు. పుట్టినరోజులకు ఆ ఫ్లైఓవర్ కింద దుప్పట్లు పంచి ఫోటోలు దిగడం దయచేసి మానండి. ఆ ఫోటోల్లో ఉన్నది మన క్లాసు పిల్లలు. రెండోది, మీ ఇంట్లోనో దుకాణంలోనో పని ఉంటే ఆ పిల్లల నాన్నకు చెప్పండి, ఊళ్లో నడిచే కూలి రేటే ఇవ్వండి.

వచ్చే శనివారం పదింటికి ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఆయన రాతిపని చూపిస్తారు. కంప్యూటర్ శిక్షకుడికి గంటకు ఎంత ఇస్తామో ఆయనకూ అంతే. రాయి పెచ్చులు కంట్లో పడకుండా పిల్లలకు కళ్లద్దాలు ఇస్తాం, బూట్లు మాత్రం తప్పనిసరి. మీరూ రావచ్చు. రోలు కావాలంటే ఆయనకే చెప్పండి, వెల్లుల్లి దంచుకోవడానికి ఒక చిన్నది నేను ముందే చెప్పి పెట్టుకున్నాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు