టర్బో పోలేదు: మాస్టారికీ, లారీ అన్నకీ, పంపు తెచ్చిచ్చిన తమ్ముడికీ కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం మళ్లీ అదే ఘాట్ రోడ్డు ఎక్కాను. 2,900 మీటర్ల ఎత్తులో, పోయిన వారం బండి చతికిలబడిన అదే మలుపులో, మూడో గేరులో 1,800 ఆర్పీఎం దగ్గర పెడల్ నొక్కితే బండి హాయిగా లాగింది. నల్లపొగ లేదు, చెక్ ఇంజిన్ లైటు లేదు. కిందికి దిగగానే, ఈ జబ్బేమిటో ఫోన్లోనే కనిపెట్టిన మాస్టారికి ఫోన్ చేసి థాంక్స్ చెప్పాను. కానీ రెండు నిమిషాల ఫోన్‌తో తీరే రుణం కాదిది. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) ఉన్న పాత బండితో కొండలెక్కే వాళ్లకి కూడా ఆయన చెప్పింది పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

బండి 2008 మోడల్ టర్బో డీజిల్. లక్షా తొంభై వేల కిలోమీటర్లు తిరిగింది. మైదానంలో దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ రోజు 2,500 మీటర్లు దాటాక మొదలైంది. 2,200 ఆర్పీఎం లోపు అసలు ఊపు లేదు, వెనక నల్లటి పొగ. కాసేపటికి లైటు వెలిగి బండి లింప్ మోడ్‌లోకి (ఇంజిన్‌ని కాపాడుకోవడానికి శక్తి తగ్గించేసుకునే స్థితి) వెళ్లిపోయింది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కొంతదూరం బాగానే పోతుంది, మళ్లీ అదే కథ. పక్కన అమ్మ ఉంది, చీకటి పడుతోంది.

ఆ మలుపులో నేను కీ తీయబోతుంటే వెనకాల లారీ ఆపి ఒకాయన దిగి వచ్చాడు. "బాబూ, ఇప్పుడే ఆపకు. ఇంతసేపు ఎక్కొచ్చావు, టర్బో నిప్పులా ఉంటుంది. రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి అప్పుడు ఆపు" అన్నాడు. ఇంజిన్ ఆగితే ఆయిల్ సరఫరా కూడా ఆగిపోతుంది, ఆ వేడికి బేరింగుల్లో మిగిలిన ఆయిల్ మాడి గట్టిపడుతుంది. ఇది నాకు తర్వాత తెలిసింది. ఆయన చక్రాల వెనక రాళ్లు పెట్టాడు, మేం బయల్దేరేదాకా నిలబడ్డాడు. కంగారులో పేరు కూడా అడగలేదు. అన్నా, ఇది మీకు చేరుతుందో లేదో, ఆ పూట మీరు మాకిచ్చిన ధైర్యం మర్చిపోను.

మర్నాడు ఒక వర్క్‌షాపులో టర్బో పోయింది, మార్చాల్సిందే అన్నారు. ఇంకోచోట ఎత్తులో ఏ బండైనా ఇంతే, కిందికి వెళ్తే సర్దుకుంటుంది అన్నారు. రెండు చోట్లా గేజ్ పెట్టి చూసినవాళ్లు లేరు. అప్పుడు ఒక బంధువు మాస్టారి నంబరు ఇచ్చాడు.

మాస్టారు అడిగిన మొదటి ప్రశ్న: "బ్రేకు పెడల్ ఎలా ఉంది?" నేను చెప్పింది సరిగ్గా వినలేదేమో అనుకుని, సమస్య బ్రేకులది కాదండీ, ఇంజిన్ లాగట్లేదు అన్నాను. "తెలుసు. పెడల్ మామూలుగా ఉందా, గట్టిగా ఉందా?" ఆలోచిస్తే నిజమే. దిగేటప్పుడు కొంచెం గట్టిగానే తొక్కాల్సి వచ్చింది. భయం వల్ల అనుకున్నాను. "సరే, ఏదీ విప్పకు. ముందు అంకెలు చూద్దాం" అన్నారు.

స్కానర్, చేతితో నొక్కే వాక్యూమ్ పంపు, గేజ్ పట్టుకుని మాస్టారి శిష్యుడు ఒకబ్బాయి అంత దూరం బైకు మీద వచ్చాడు. తమ్ముడూ, ఆ చలిలో నువ్వొచ్చావు, అది చిన్న విషయం కాదు.

మొదట ఇంజిన్ ఆపి, కీ మాత్రం ఆన్ చేసి మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే దారిలో, అంటే ఇన్‌టేక్‌లో, గాలి పీడనం కొలిచేది) రీడింగు చూడమన్నారు. ఇంజిన్ తిరగనప్పుడు ఇన్‌టేక్‌లో ఉండేది బయటి గాలి పీడనమే. సముద్రమట్టంలో అది 101 కిలోపాస్కల్స్ దాకా ఉంటుంది, 3,000 మీటర్ల దగ్గర 70కి పడిపోతుంది. మేమున్న ఎత్తులో మాకు 71 వచ్చింది, వాతావరణ పీడనం చూపే సెన్సర్ కూడా 71 అంది. అంటే సెన్సర్లు అబద్ధం చెప్పట్లేదు. ఇంత సులువైన పరీక్ష, ఒక్క నట్టు కూడా విప్పక్కర్లేదు. ఎవరైనా ముందు ఇది చేయాలని నా మనవి.

తర్వాత బండి నడుపుతూ కంప్యూటరు అడిగే బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి పీడనం), వచ్చే బూస్ట్ పక్కపక్కన చూశాం. అడిగింది 190, వచ్చింది 128. కోడ్ పీ 0299, అంటే బూస్ట్ తక్కువ. ఇక్కడ మాస్టారు చెప్పిన లెక్క నా కళ్లు తెరిపించింది. ఈ 190 అనేది గాలి లేని శూన్యం నుంచి కొలిచే అంకె. కింద 100 గాలిని 190 చేయాలంటే రెట్టింపు కూడా అక్కర్లేదు. పైన 71ని 190 చేయాలంటే దాదాపు 2.7 రెట్లు నొక్కాలి. కింద టర్బోకి కొంత శక్తి మిగిలి ఉంటుంది, చిన్న లోపాన్ని అది తన కష్టంతో కప్పేస్తుంది. పైకి వెళ్తే ఆ మిగులు ఉండదు, లోపం బయటపడుతుంది.

ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) గొట్టాల్లోకి గాలి పంపి సబ్బునీళ్లు పూసి చూశాం, ఎక్కడా బుడగ రాలేదు. ఆ తర్వాత టర్బో యాక్చుయేటర్‌కి, అంటే లోపలి రెక్కలని కడ్డీతో కదిపే భాగానికి, చేతి పంపు తగిలించాం. నా బండి టర్బోలో రెక్కలు వాక్యూమ్‌తో కదులుతాయి. తక్కువ ఆర్పీఎంలో అవి మూసుకుంటేనే బూస్ట్ పుడుతుంది. పంపు నొక్కుతుంటే కడ్డీ ఎక్కడా పట్టేయకుండా మెత్తగా జరిగి, 55 కిలోపాస్కల్స్ వాక్యూమ్ దగ్గర చివరిదాకా వచ్చింది. నిమిషం ఆగినా ముల్లు దిగలేదు. "టర్బో నిర్దోషి" అన్నారు మాస్టారు ఫోన్లో. ఆ మాట విన్నప్పుడు నాకెంత ఊరటగా ఉందో చెప్పలేను.

మరి బండిలో ఇంజిన్ తిప్పే వాక్యూమ్ పంపు నుంచి ఆ 55 వస్తోందా? లైనులో గేజ్ పెట్టి ఐడిల్‌లో చూస్తే 42.

వాక్యూమ్ లాగుతుంది అనుకుంటాం. నిజానికి నెట్టేది బయటి గాలి. ఒకపక్క గాలి తీసేస్తే రెండోపక్క ఉన్న గాలి యాక్చుయేటర్ లోపలి డయాఫ్రమ్‌ని (సాగే పొరని) నెడుతుంది. బయట ఉన్నదే 71 అయితే, ఎంత మంచి పంపు పెట్టినా 71కి మించి వాక్యూమ్ రాదు. దానికి లీకు తోడైంది. "ఇదే లీకుతో కింద నీకు 60 వస్తూ ఉంటుంది. 55 చాలు కాబట్టి తెలియలేదు. ఇక్కడ 42కి దిగింది, రెక్కలు సగంలో ఆగాయి" అన్నారు. డీజిల్ బండిలో బ్రేకు బూస్టరుకి (పెడల్ తేలిగ్గా తొక్కేలా చేసేది) కూడా వాక్యూమ్ ఇంజిన్ తిప్పే అదే పంపు నుంచే. మొదటి ప్రశ్న పెడల్ గురించి ఎందుకో అప్పుడు అర్థమైంది. నా దృష్టంతా ఇంజిన్ మీదే ఉంది, కుటుంబాన్ని కూర్చోబెట్టుకుని ఆ బ్రేకులతో కొండ దిగాననే ఆలోచనే నాకు రాలేదు. మాస్టారూ, అన్నిటికన్నా ఎక్కువ కృతజ్ఞత దీనికే.

లీకు దొరకడానికి గంట పట్టింది. ఇంజిన్ వెనక, వేడి తగిలే చోట, మోచేతిలా వంగిన వేలెడంత రబ్బరు గొట్టం. పైకి బాగానే ఉంది, వంచితే కింది వైపు చీలిక. తమ్ముడు తన సంచిలోంచి కొత్త గొట్టం ముక్క కోసి వేశాడు. గేజ్ 64 చూపించింది. బ్రేకు పెడల్ కూడా మెత్తబడింది.

ఇప్పటికీ 1,500 ఆర్పీఎం లోపు పైన బండి బరువుగానే ఉంటుంది. టర్బో ఊపందుకోని ఆ కాస్త సమయం అది మామూలు ఇంజినే, గాలి మాత్రం కిందకన్నా 30 శాతం తక్కువ. "అది కొండ తీసుకునే వాటా, దానికి మందు లేదు. మొదటి గేరు వేసుకో" అన్నారు మాస్టారు. ఎంతవరకు కొండది, ఎక్కణ్ణుంచి బండిది అని గీత గీసి చూపించింది ఆయనొక్కరే.

తమ్ముడూ, స్కానరూ పంపూ తుడిచి పెట్టాను, ఆదివారం నేనే తెచ్చిస్తాను. మాస్టారూ, మిగతా వాక్యూమ్ గొట్టాలకీ అంతే వయసు, అన్నీ మార్చేయమన్నారు కదా. శనివారం ఆ పని పెట్టుకున్నాను. అయ్యాక రీడింగులు రాసి పంపుతాను, ఒకసారి చూడండి.