హుస్సేన్‌సాగర్ నీటిని తెల్లవారుజామున కొలవాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

హుస్సేన్‌సాగర్‌లో చేపలు చచ్చి తేలినప్పుడల్లా వార్త వస్తుంది, నీటి నమూనాలు పరీక్షకు వెళతాయి, కొద్ది రోజులకు ఆ సంగతి మరుగున పడుతుంది. ఆ నమూనాను ఏ వేళలో తీశారని ఎవరైనా అడగగా నేను వినలేదు. నా ఉద్దేశంలో అన్నిటికంటే ముందు అడగవలసింది అదే.

నేను భీమవరం దగ్గర చేపల చెరువుల మధ్య పెరిగి, హైదరాబాదులో స్థిరపడినవాడిని. మా వైపు రైతు తెల్లవారకముందే చెరువు గట్టు మీద ఉంటాడు. నీరు చిక్కటి ఆకుపచ్చగా ఉన్న చెరువులో నాచు పగలంతా ఎండ తగిలి ఆక్సిజన్‌ను వదులుతుంది కనుక మధ్యాహ్నం కొలిస్తే అవసరానికి మించి కనిపిస్తుంది. చీకటి పడ్డాక అదే నాచూ, అడుగున కుళ్ళే బురదా కలిసి ఆ ఆక్సిజన్‌ను తినేయగా, పొద్దు పొడిచే ముందు చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. రాత్రిళ్ళు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పేది అందుకే.

కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు కలిసే హుస్సేన్‌సాగర్‌లో జరిగేదీ ఇదే. మురుగుతో వచ్చే నత్రజని, భాస్వరం నాచుకు ఎరువవుతాయి. 2006లో జపాన్ రుణంతో మొదలైన పథకం కింద మురుగును మళ్ళించే పనులు, పూడికతీత జరిగినా, నీటి రంగు చూసినవారికి ఆ ఎరువు ఆగలేదని తెలుస్తుంది. చేపలు బతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం చెబుతోంది. నెలకోసారో అంతకన్నా అరుదుగానో, అదీ పగటిపూట తీసే నమూనా ఆ ప్రమాణాన్ని సునాయాసంగా దాటవచ్చు. ఆ రోజు తెల్లవారుజామున అదే చోట చేపలు ఊపిరాడక కొట్టుకుని ఉండవచ్చు.

అందువల్ల నాలాలు కలిసే చోట్ల, చెరువు నడుమ, పావుగంటకోసారి కొలిచే సెన్సర్లను నీటిపై తేలే బోయాల మీద అమర్చాలని కోరుతున్నాను. ఆక్సిజన్‌తో పాటు నీలి ఆకుపచ్చ నాచునూ ఇవి పట్టుకోగలవు: నాచులోని వర్ణకాల మీద ఒక రంగు కాంతి వేస్తే అవి మరో రంగులో వెలుగుతాయి, ఆ వెలుగును బట్టి నాచు ఎంత పెరిగిందో అంచనా వేయవచ్చు. ఈ నాచు వదిలే విషాన్ని మాత్రం సెన్సర్ నేరుగా చూపదు, దానికి ప్రయోగశాల కావాలి. అయితే ప్రయోగశాలకు ఎప్పుడు పరుగెత్తాలో చెప్పేది సెన్సరే. అమెరికాలోని టొలీడో నగరానికి నీరిచ్చే ఈరీ సరస్సులో నాచు పెరిగి, 2014 ఆగస్టులో మైక్రోసిస్టిన్ అనే విషం కుళాయి నీటిదాకా చేరడంతో, నాలుగు లక్షల మందికి పైగా ఆ నీరు తాగవద్దని, మరిగించినా ఆ విషం పోదని హెచ్చరించవలసి వచ్చింది. నగరానికి తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కూడా ఈ నిఘాలో చేర్చాలని నేననడానికి కారణం అదే.

పరికరం కొనడం సులువు, నిలబెట్టడం కష్టం. మన చెరువుల నీటిలో కొద్ది వారాలకే సెన్సర్ మీద పాచి పేరుకుని తప్పు అంకెలు చూపుతుంది. కాబట్టి తుడిచే బ్రష్షు ఉన్న పరికరాలనే తీసుకోవాలి. శుభ్రపరచి, సరిచూసే సిబ్బందికి ఏటేటా జీతం కేటాయించాలి. కొలతలను దాచకుండా అప్పటికప్పుడు ప్రజలకు చూపాలి. నెక్లెస్ రోడ్డు మీద ఒక తెర పెడితే చాలు.

టెండర్లు పూర్తయి ఇవన్నీ వచ్చేందుకు సమయం పడుతుందని తెలుసు. అంతవరకు, పైసా అదనపు ఖర్చు లేని ఒక మార్పు చేయవచ్చు: నమూనాల సీసాను ఉదయం ఐదు గంటలకు ముంచి, ఆ సమయాన్ని నివేదికలో రాయమని సంబంధిత అధికారులను అభ్యర్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హైదరాబాదు